బూర్ల మూకుడు: వాడిన పిదప శుభ్రపరచు విధము, మిగిలిన నూనె సంగతి

సంక్రాంతి వెళ్ళిన నాలుగైదు రోజులకు మన డెల్టా గ్రామములలో ఏ వంటయింటిలోనికి తొంగి చూచినను ఒక మూల బూర్ల మూకుడు కనబడును. దానిపై ఒక పళ్ళెము బోర్లించి యుండును. పళ్ళెము తీసి చూచినచో లీటరో, లీటరున్నరో నల్లబడిన నూనె. అడుగున జంతికల పొడి, అరిసెలనుండి రాలి మాడిపోయిన నువ్వులు, కనుమ నాటి గారెల పిండి తునకలు. ఇల్లాలికి ఆ నూనె పారబోయుటకు మనసొప్పలేదు. వచ్చే ఆదివారము చేపలు వేయించుటకు పనికివచ్చునని అట్లే ఉంచినది. నూనె ధర తెలిసినవారెవరును ఆమెను తప్పుపట్టలేరు. అయితే ఆ నూనెను ఆ మూకుడులోనే, ఆ మడ్డితో సహా ఉంచుట వలన నూనెయు దక్కదు, మూకుడును పాడగును. ఒక్కొక్కప్పుడు అంతకంటె పెద్ద కీడే జరుగును.

వ్యవసాయాధికారికి వంటయింటి మూకుడుతో ఏమి పని యని కొందరు పాఠకులు నవ్వవచ్చును. ఆ మూకుడులోనిది మన పంటయే కదా! మెట్టలో పండిన నువ్వులు, వేరుసెనగలు, తాడేపల్లిగూడెము చుట్టుప్రక్కల బియ్యపు మిల్లులనుండి వచ్చు తవుడు, పెదవేగి, కామవరపుకోట ప్రాంతపు ఆయిల్ పామ్ తోటల గెలలు, ఇవన్నియు చివరకు మూకుడులోనికే చేరుచున్నవి. పెదవేగిలో ఆయిల్ పామ్ పరిశోధన కేంద్రము 1995లో వెలసినది. అయినను మన దేశము వాడుకొను వంట నూనెలో సగమునకు పైగా నేటికిని పరదేశములనుండియే వచ్చుచున్నది. ఎకరమునకు నాలుగు బస్తాలు ఎక్కువ పండించుటకు మేము ఎన్ని మాటలైనను చెప్పుదుము. పండినది ఇంటిలో వృథా కాకుండ చూచుటకు ఒక వ్యాసము వ్రాసిన తప్పు లేదు.

నూనె ఎట్లు చెడును

నూనెకు శత్రువులు నీరు, గాలి, లోహము, మాడిన పిండి. మంట వీటన్నిటికి బలమిచ్చును.

గారెల పిండిలోను, చేప ముక్కలలోను నీరు హెచ్చు. అది కాగిన నూనెలో ఆవిరియై పోవునపుడు కొంత నూనెను విరిచి కొవ్వు ఆమ్లములుగా మార్చును. ఈ ఆమ్లములు పెరిగిన కొలది నూనె తక్కువ వేడికే పొగలు గ్రక్కును. కండ్లు మండును, గొంతు గరగరలాడును. గాలిలోని ప్రాణవాయువు నూనెతో కలిసి ముక్క వాసన పుట్టించును. ఇట్లు మారిన నూనె కణములు ఒకదానితో నొకటి అతుకుకొని చిక్కబడును. మూకుడు అంచున నూనె మట్టమునకు కొంచెము పైగా గోధుమ రంగు జిగురు పట్టి యుండుట చూచియే యుందురు. అది ఈ అతుకుడు వలన ఏర్పడినదే. తలుపులకు అవిసె నూనె పూసినప్పుడు నాలుగు రోజులకు ఎండి పొర కట్టును గదా, ఆ పొరకు ఈ జిగురు తోబుట్టువు.

నూనెలన్నియు ఒకే తీరున చెడవు. ప్రొద్దుతిరుగుడు నూనె వంటివి గాలితో త్వరగా కలియును. పామోలిన్ నిదానముగా చెడును. చలికాలములో పేరుకొనుట దాని స్వభావమే గాని దోషము కాదు. నువ్వుల నూనెలోను, తవుడు నూనెలోను చెడకుండ కాపాడు సహజ పదార్థములు కొన్ని యున్నవి. అయితే ఏ నూనె యైనను మడ్డి పట్టిన మూకుడులో పోసినచో దాని మంచితనము ఎంతో కాలము నిలువదు. పాత జిగురు, పాత మడ్డి కొత్త నూనెను త్వరగా చెడగొట్టును. పాత నూనెలో కొత్త నూనె కలుపుటయు ఇట్టిదే. మజ్జిగ చుక్క పాలను తోడు పెట్టినట్లు అది పనిచేయును.

లోహముల మాటకు వచ్చినచో రాగి అన్నిటికంటె చెడ్డది. రాగి కలిసిన ఇత్తడి మూకుడు కళాయి పోయి పసుపుగా మెరయుచుండుట చూపునకు బాగుండును గాని నూనెకు అది విషము వంటిది. అతి స్వల్పమైన రాగి కూడ నూనెను త్వరగా ముక్కపరచును. ఇనుము రాగియంత చెడ్డది కాదు. కాని ఎర్ర త్రుప్పు పట్టిన ఇనుము మంచిది కాదు. ఉప్పు త్రుప్పునకు తోడగును గనుక నూనె పైన ఉప్పు చల్లక, వేయించి తీసిన పిదప చల్లుకొనుట మేలు.

లంక గ్రామములో జరిగినది

కొల్లేటి లంక గ్రామమొకదానిలో వానకాలమున ఒక సాయంత్రము నేను రైతుల ఇంటి అరుగుమీద కూర్చుండి యుంటిని. లోపల కొరమీను ముక్కలు వేయించుటకు పొయ్యి వెలిగించిరి. మూకుడులో మూడు రోజుల క్రిందటి నూనె యున్నది. మూత సరిగా లేనందున చూరు నీరు కొంత అందులో పడినది. నూనె కంటె నీరు బరువు గనుక అది అడుగునకు దిగి మడ్డి క్రింద దాగినది. పైకి నూనె తేటగానే కనిపించినది. అడుగు కాగగానే ఆ నీరు ఒక్కసారిగా ఆవిరియైనది. నీరు ఆవిరియైనచో సుమారు 1700 రెట్లు పెరుగును. నూనె బుస్సున పొంగి అంచు దాటి మంటపై పడి భగ్గున అంటుకొన్నది. ఇంటి కుర్రవాడు బిందె ఎత్తినాడు. ముసలమ్మ ఒక్క కేక వేసినది: "ఒరేయ్, నీళ్ళు పొయ్యమాకు! ఆ పెద్ద పళ్ళెం ఇట్టా తే!" పళ్ళెము ప్రక్కనుండి జరిపి మూకుడుపై మూసి, గ్యాసు కట్టివేసిరి. గాలి అందక మంట చచ్చినది. ఆ బిందెడు నీళ్ళు పడియున్నచో మంట కప్పు దాక ఎగసి యుండెడిది. తరువాత ఆమె నాతో, "చేపలకు పాత నూనె చాలు అనుకున్నాం బాబూ, కొంప ముంచేది" అని నిట్టూర్చినది.

ఆనాటినుండి నేను గ్రామ సభలలో ఒక మాట చెప్పుచున్నాను: నూనె, మూకుడు ఆ సాయంత్రమే విడిపోవలెను. మూకుడు నూనెను వేడిచేయు పాత్రయే గాని నిలువచేయు పాత్ర కాదు.

వేయించునప్పుడే తీసుకొనవలసిన శ్రద్ధ

శుభ్రపరచుటలో సగము పని వేయించునప్పుడే జరుగును. మూకుడు సగమునకు మించి నూనె పోయరాదు. నూనె పొగలు వచ్చునంత కాగరాదు. 170 మొదలు 180 డిగ్రీల సెంటీగ్రేడు వేడి చాలును. కొలమానము లేనివారు చిటికెడు పిండి వేసి చూడవలెను. అది వెంటనే నురగతో పైకి తేలవలెను గాని పడగానే ఎర్రబడరాదు. తేలిన పొడిని, నువ్వులను చిల్లుల గరిటెతో ప్రతి వాయికి తీసివేయవలెను. అడుగున మాడిన ప్రతి నువ్వు గింజ తరువాతి వాయికి చేదును, నల్లదనమును అంటించును.

వంటల వరుస కూడ ముఖ్యమే. మన ఇండ్లలో ముందు తీపితో మొదలు పెట్టుట ఆచారమనుకొని అరిసెలు ముందు వండుదురు. శాస్త్రమునకు ఒక్క అరిసె వేసి దేవునికి పెట్టి, తక్కినవి చివరకు ఉంచినచో నూనె ఎక్కువ సేపు నిలుచును. జంతికలు, చెక్కలు ముందు. నీటి పిండితో చేయు గారెలు తరువాత. బెల్లము కారి మాడు అరిసెలు, బూరెలు వాటి పిదప. చేపల నూనె వేరు. బొచ్చె, శీలావతి, కొరమీను ఏవైనను చేప కొవ్వు గాలితో అతి త్వరగా కలిసి నీచు వాసన పట్టును. పసుపు, కారము అడుగున మాడును. చేపలకు కావలసినంత నూనె మాత్రమే చిన్న మూకుడులో పోసి, ముక్కలను తడి లేకుండ గుడ్డతో అద్ది వేయించవలెను.

ఆ సాయంత్రము చేయవలసినది

పొయ్యి ఆర్పిన పిదప మూకుడును కదపక చల్లారనీయవలెను. సెగ నూనెను మోయబోయి కాళ్ళు కాల్చుకొన్నవారు మన ఊళ్ళలో తక్కువమంది లేరు. గోరువెచ్చనైన తరువాత, అనగా నూనె ఇంకను పలుచగా నుండగానే, పొడి నూలుగుడ్డను రెండు మడతలు వేసి దాని ద్వారా వడగట్టవలెను. అడుగు మడ్డిని వంచరాదు. చివరి గరిటెడు నూనె మడ్డితో పోయిన పోనిండు. వడగట్టిన నూనెను పొడిగా నున్న స్టీలు డబ్బాలోగాని పింగాణి జాడీలోగాని అంచు వరకు నిండునట్లు పోసి గట్టిగా మూసి, పొయ్యికి, ఎండకు దూరముగా పెట్టవలెను. పాత్ర పెద్దదై నూనె కొంచెమైనచో పైనున్న గాలియే దానిని చెరచును.

ఈ మిగిలిన నూనెను ఏమి చేయవలెను? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో ప్రకటించిన ఆహార మార్గదర్శకములలో, ఒకసారి వేపుడునకు వాడిన నూనెను వడగట్టి కూరలలోనికి వాడుకొనవచ్చును గాని తిరిగి వేపుడునకు వాడరాదనియు, ఆ మిగిలినదానిని ఒకటి రెండు రోజులలోనే ఖర్చుపెట్టవలెననియు సలహా ఇచ్చినారు. కావున పండుగకు మూడు లీటర్లు ఒకేసారి క్రుమ్మరించుటకంటె చిన్న మూకుడులో కొంచెము కొంచెముగా వేయించుట లాభము. సమయము కొంత హెచ్చగును, నిజమే. మిగులు నూనె మాత్రము పోపులకు, పులుసులకు రెండు రోజులలో చెల్లిపోవును.

మూకుడు తోముట

ఇనుప మూకుడు విషయములో మన పెద్దవారికి తెలిసినంత చక్కగా మనకు తెలియదు. ఇనుముపై రెండు రకముల పొర లుండును. నున్నగా, గట్టిగా, నల్లగా నుండి వ్రేలికి అంటనిది మంచి పొర. అది త్రుప్పు పట్టనీయదు, పిండి అంటనీయదు. గోధుమ రంగున, జిగటగా, వ్రేలికి అంటునది చెడ్డ పొర. మొదటిదానిని కాపాడుచు రెండవదానిని తీయుటయే తోముటలోని నేర్పు.

వాడిన ప్రతిసారి ముందుగా పాత గుడ్డతోగాని కాగితముతోగాని జిడ్డంతయు తుడిచివేయవలెను. ఇది చేయనందుననే సబ్బు ఎంత రుద్దినను చాలదు. పిదప వేడి నీరు, కొంచెము సబ్బు లేదా కుంకుడు రసము, కొబ్బరి పీచు చాలును. కట్టెల బూడిదలో సహజముగా క్షార ముండును గనుక జిడ్డు విరుగును. ఊక బూడిద అట్లు కాదు. మిల్లుల వద్ద ఊరకే దొరకుచున్నదని దానితో తోముదురు గాని అందులో అధికభాగము ఇసుకలో నుండు సిలికాయే; అది గీతలు పెట్టును. ఆ గీతలలో తరువాతి నూనె జిగురు దాగును.

జిగురు ముదిరి రాయియైనచో ఏడాదికి ఒకటి రెండు సార్లు చాకలి సోడా పట్టింపవలెను. మూకుడులో ముప్పాతిక వంతు నీరు పోసి, లీటరుకు రెండు చెంచాల చొప్పున చాకలి సోడా కలిపి, సన్నని సెగపై పావుగంట సేపు కాచవలెను. దగ్గరనే ఉండవలెను, పొంగును. క్షారము జిడ్డును సబ్బుగా మార్చును. నీరు గోధుమ రంగునకు తిరిగి, జిగురు పెచ్చులుగా లేచును. చల్లారిన పిదప చెక్క గరిటెతో గీకి, రెండు మూడు నీళ్ళతో కడుగవలెను. సోడా నీరు చేతులకు, కండ్లకు తగలనీయరాదు. కాస్టిక్ సోడా జోలికి పోరాదు. అది చర్మమును కాల్చును.

ఇట్లు కాచినప్పుడు మంచి పొర కూడ కొంత పోవును. కడిగిన వెంటనే మూకుడును పొయ్యిపై పెట్టి తడి లేకుండ ఆరబెట్టి, వెచ్చగా నుండగానే లోపల, వెలుపల చుక్క నూనె గుడ్డతో పూసి, మరల ఆ నూనెను దాదాపు పూర్తిగా తుడిచివేసి, పొగ వచ్చువరకు కాచవలెను. ఎక్కువ పూసినచో అదియే మరల జిగురగును. ప్రతి దినము కడిగినప్పుడును పొయ్యిపై ఆరబెట్టుట మరువరాదు. లంక గ్రామపు కథలో మోసము చేసినది అడుగున నిలిచిన తడియే.

అల్యూమినియము మూకుడునకు సోడా పనికిరాదు. ఇది నేను పుస్తకములో చదివియు మరచి, మా ఇంటిలో ఒక ఆదివారము స్వయముగా పరీక్షించితిని. పావుగంటలో నీరు బుసబుసలాడి, మూకుడు లోపలంతయు నల్లబడి గుంటలు పడినది. మా ఇంటివారు ఆ మూకుడును నేటికిని నాకు చూపుచుందురు. క్షారము అల్యూమినియమును తినివేయును. చింతపండు కూడ కొంత తినును. దానికి వేడి నీరు, సబ్బు, పీచు, కొంత ఓపిక తప్ప మార్గము లేదు. జిగురు మిక్కిలి ముదిరినచో సబ్బునీటిలో రాత్రంతయు నానబెట్టవలెను. స్టీలు మూకుడునకు సోడా కాచవచ్చును. అంటుకొనని పూత గల వాటికి బూడిదగాని, ఇనుప పీచుగాని తగిలించరాదు; పూత లేచినచో ఆ పాత్రను వేపుడునకు మానవలెను.

చిల్లుల గరిటెను, జంతికల గొట్టమును మరువరాదు. మూకుడు ఎంత తోమినను గరిటె చిల్లులలో పాత మడ్డి యున్నచో పని సగమే. జంతికల గొట్టము బిళ్ళలలో పిండి ఎండక ముందే నీటిలో వేయవలెను. ఇత్తడి గొట్టము పిండికే గాని నూనెలో ముంచుటకు కాదు.

విద్యుత్ వేపుడు పాత్రలు

ఏలూరు, తాడేపల్లిగూడెము వంటి పట్టణములలో విద్యుత్తుతో పనిచేయు వేపుడు పాత్రలు కొందరి ఇండ్లలోనికి వచ్చినవి. వేడి ఒక మట్టము దాటగానే విద్యుత్తు దానంతటదే ఆగును గనుక నూనె పొగలు గ్రక్కుట తక్కువ. శుభ్రపరచుటకు మాత్రము ఇది మూకుడు కంటె గడుసుది. ప్లగ్గు తీసి, రెండు గంటలైనను ఆగిన పిదపనే నూనె వంచవలెను. కాగు తీగ గల భాగమును, తీగను, మీటలున్న పెట్టెను ఎన్నడును నీట ముంచరాదు. తడిగుడ్డతో తుడిచి పొడిగుడ్డతో అద్దవలెను. విడిగా వచ్చు తొట్టిని, జల్లెడ బుట్టను గోరువెచ్చని సబ్బునీటిలో నానబెట్టి మెత్తని గుడ్డతో కడుగవలెను. కాగు తీగపై జిగురు పేరుకొన్నచో వేడి నూనెకు సరిగా అందక తీగ దగ్గర నూనె మాడును. మరల ప్లగ్గు పెట్టుటకు ముందు అంతయు పూర్తిగా ఆరినదా యని చూడవలెను. పూట ఆలస్యమైనను సరే.

ఎప్పుడు వదలుకొనవలెను

రంగు ఒక్కటియే గుర్తు కాదు. బెల్లము, కారము తగిలిన నూనె ఒక్క వాయితోనే నల్లబడవచ్చును. లేత రంగున నున్నదియు చెడి యుండవచ్చును. కాచినప్పుడు సబ్బు నురగ వంటి నురగ లేచి అణగకుండుట, మునుపటికంటె తక్కువ సెగకే పొగ వచ్చుట, గరిటెనుండి తేనె వలె సాగుట, రంగు వాసన కొట్టుట, ఈ గుర్తులలో ఏదైనను కనబడిన ఆ నూనె కూరకును పనికిరాదు.

దుకాణములకు ప్రభుత్వము హద్దు పెట్టినది. వేపుడు వలన నూనె విరిగి, ముదిరి ఏర్పడు పదార్థములు నూటికి 25 పాళ్ళు మించినచో ఆ నూనె వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థవారి నిబంధన 2018 జులై 1నుండి అమలులోనికి వచ్చినది. దీనిని కొలుచు చేతి పరికరములు కూడ ఉన్నవి. గ్రామోద్యోగులు జాతరల సమయమున, సంతలలో బజ్జీల దుకాణదారులకు ఈ సంగతి తెలియజేయవలెను. కేకలు వేయుటకంటె, పై గుర్తులు వారి మూకుడులోనే చూపినచో త్వరగా ఒప్పుకొందురని నా అనుభవము.

చెడిన నూనెను కాలువలో మాత్రము పోయరాదు. అది చల్లబడి తూములో గడ్డకట్టి మురుగును ఆపును. నీటిపై తెట్టుగా పరచుకొని గాలిని లోనికి పోనీయదు. ఏలూరు పట్టణపు మురుగు కొల్లేటి వైపే పోవును; అక్కడి నీరు ఉప్పుటేరు గుండా సముద్రమునకు పోవలెను గాని అది త్వరగా కదలు నీరు కాదు. 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడి, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కిన సరస్సు అది. చేపల చెరువుల వారికి నీటిలో ప్రాణవాయువు తగ్గుట ఎంతటి నష్టమో చెప్ప నక్కరలేదు. తెల్లవారుజామున చేపలు నోళ్ళు తెరచి పైకి తేలుట వారు చూచినదే.

వాడిన నూనెనుండి జీవ డీజిలు చేయుటకు సేకరించు ఏర్పాటు 2018లో మొదలైనది. సేకరించువారు అందుబాటులో నున్నచో హోటళ్ళవారు, పెద్ద ఎత్తున పిండివంటలు చేసి అమ్మువారు వారికే ఇచ్చుట మంచిది. ఇంటిలో మిగులు గిద్దెడు, అరసోలెడు నూనెకు అంత హంగు అక్కరలేదు. పాత డబ్బాలో గుప్పెడు పొడి ఊక పోసి, చల్లారిన నూనెను, వడగట్టిన మడ్డిని అందులో పోసినచో ఊక పీల్చుకొనును. కట్టెల పొయ్యి గలవారు ఆ ఊకను చిటికెడు చొప్పున నిప్పు రాజవేయుటకు వాడుకొనవచ్చును. తక్కినవారు ఎరువు గుంటలో పేడ, ఆకుల నడుమ పలుచగా చల్లి కలుపవచ్చును. ఒకేచోట కుప్పగా పోసినచో మాత్రము అక్కడ నీరు దిగదు, ఎరువు చివకదు.